పేట కబుర్లు – 23: తక్కువ ధర వేరు, తక్కువ రకం వేరు

మన ఊళ్లలో కంప్యూటర్ అంటే రెండే వస్తువులు. ఎదురుగా కనపడేది మానిటర్, బల్ల కింద ఉండేది సీపీయూ. నిజానికి సీపీయూ అంటే లోపల అగ్గిపెట్టెంత ఉండే ప్రాసెసర్. అయినా డబ్బా మొత్తానికీ ఆ పేరు స్థిరపడిపోయింది. తెలుగు పాఠం చెప్పుకు బతికేదాన్ని, జనం పెట్టుకున్న పేరుని తప్పనను. కానీ ఆ పేరు వల్ల ఒక నష్టం ఉంది. డబ్బా విడిగా ఒక వస్తువనీ, దాన్ని విడిగా ఎంచుకోవచ్చనీ మనకి తట్టదు. షాపులవాళ్లు దాన్ని కేబినెట్ అంటారు. ఈ భాగం దాని గురించే.

"కులం గురించి రాసే చోట కేబినెట్ ఏంటి?" అనుకునేవాళ్లు కాస్త ఓపిక పట్టి ఆఖరిదాకా చదవండి.

మా అన్నయ్య కూతురు పామిడిముక్కలలో ఉంటూ డిగ్రీలో కంప్యూటర్స్ చదువుతోంది. చదువు ఒకెత్తు, అది చేస్తున్న ఇంకో పని ఒకెత్తు. పేటలో ముసలమ్మల్ని కూర్చోబెట్టి నాట్ల పాటలు పాడిస్తుంది, కూలి రేట్ల గొడవలు చెప్పిస్తుంది, ఫోన్‌లో రికార్డు చేస్తుంది. అలా పాడిన వాళ్లలో ఇద్దరు ఈ ఏడాదే పోయారు. తెలుగు సాహిత్యంలో డాక్టరేట్ చేసిన నాకు ఏ లైబ్రరీలోనూ దొరకని పాటలు ఆ ఫోన్‌లో ఉన్నాయి. ఫోన్ నిండిపోయింది, ఒకదాన్ని పెట్టుకోవాలంటే ఇంకోదాన్ని చెరపాల్సిన పరిస్థితి. అందుకే కంప్యూటర్ కావాల్సి వచ్చింది. చీటీ పాడిన డబ్బు 35 వేలు. మానిటర్ మాకు తెలిసినవాళ్లు పాతది ఇచ్చారు.

లాప్‌టాప్ ఎందుకు వద్దనుకున్నామంటే, అది ఆగిపోతే ఊళ్లో విప్పి చూసే దిక్కుండదు. ఎక్కువ పార్టులు బోర్డుకే అతికించి ఉంటాయి. అదే అసెంబుల్ చేసుకుంటే ఏది పోతే దాన్నే మారుస్తాం. ప్రాసెసర్ రైజెన్ 5 5600జీ అనుకున్నాం. గ్రాఫిక్స్ అందులోనే ఉంటాయి కాబట్టి విడిగా కార్డు అక్కర్లేదు. ర్యామ్, ఎస్‌ఎస్‌డీ, బోర్డు అన్నీ లెక్కేసుకున్నాక కేబినెట్‌కి మూడున్నర వేలు మించకూడదని తేలింది. మొత్తం ఖర్చులో పదో వంతు. మీరూ ఆ లెక్కనే పెట్టుకోండి.

విజయవాడ గవర్నర్‌పేటలో నాలుగు షాపులు తిరిగాం. ఒక షాపులో అబ్బాయి అడిగాడు.

"ఏ ఊరు మేడం?"

"పామిడిముక్కల."

"పాప కోసమా? ఆన్‌లైన్ క్లాసులకేనా?"

మేం జవాబు చెప్పేలోపే కింది అరలోంచి ఒక డబ్బా తీశాడు. "దీంట్లో ఎస్‌ఎంపీఎస్ ఫ్రీగా వచ్చేస్తది. మీకిది చాలండి."

ఆ అబ్బాయి మా కులం అడగలేదు. పల్లెటూరినుంచి వచ్చినవాళ్లందరికీ అదే డబ్బా తీస్తాడేమో. ఆయన మీద నాకు కోపం లేదు. నన్ను ఆపింది ఆ మాట: "మీకిది చాలు." ఆ మాట మనకి కొత్త కాదు. హాస్టల్లో పెట్టిన నీళ్లపప్పు వెనక అదే మాట. పథకంలో ఇచ్చిన, ఆర్నెల్లు తిరక్కుండానే మూలపడ్డ కుట్టుమిషను వెనక అదే మాట. ఊరి నీళ్లన్నీ చేరే పల్లంలో ఇచ్చిన ఇళ్ల స్థలం వెనకా అదే. ఎంత కావాలని ఎవరూ అడగరు. ఎంత చాలో వాళ్లే చెప్తారు.

అందుకని రెండు మాటల్ని విడదీసి చూడమంటాను. చవక వేరు, నాసి వేరు. చవక అంటే మన అవసరం మనం తేల్చుకుని, మన డబ్బు ఎక్కడ పెట్టాలో మనమే నిర్ణయించుకోవడం. నాసి అంటే ఇంకొకరు మన అవసరాన్ని తేల్చేసి అంటగట్టింది. రెండింటి ధరా ఒకటే కావచ్చు. ఎంచుకున్నదెవరు అన్నదే తేడా. అయితే ఎంచుకోవాలంటే ఆ వస్తువు ఏం పని చేస్తుందో తెలియాలి. అది చెప్తాను.

కేబినెట్ పని బోర్డుని పట్టుకుని ఉండటం, దుమ్మూ పురుగూ చేరకుండా చూడటం, గాలి ఆడించడం. మొదటి రెండూ ఎంత చవకది కొన్నా ఎంతో కొంత జరుగుతాయి. తేడా అంతా మూడోదాంట్లో ఉంటుంది.

డెల్టాలో పుట్టినవాళ్లకి దీన్ని విడమరిచి చెప్పక్కర్లేదు. 1855లో బెజవాడ దగ్గర ఆనకట్ట పూర్తయ్యాక మన నేలకి కాలవలొచ్చాయి. మా మండలంలో వీరంకిలాకు అనే ఊరి పేరులోనే లాకు ఉంది. పొలానికి నీళ్లు పెట్టే బోదె ఎంత ముఖ్యమో, మురుగు తీసే బోదె అంత ముఖ్యమని కూలికెళ్లే ప్రతి మనిషికీ తెలుసు. పెట్టిన నీళ్లు బయటికి పోకపోతే చేను కుళ్లిపోతుంది. ఆ మురుగు పక్కనే మన పేటలుంటాయి కాబట్టి దాని విలువ మనకి ఇంకాస్త ఎక్కువ తెలుసు.

కేబినెట్‌లో గాలి కూడా అంతే. చల్లగాలి ముందు నుంచి, కింది భాగంలోంచి లోపలికి రావాలి. వేడెక్కిన గాలి పైకి లేస్తుంది కాబట్టి వెనక నుంచి, పై నుంచి బయటికి పోవాలి. ముందు ఫ్యాను బోదె అయితే వెనక ఫ్యాను మురుగుబోదె. ఏది మూసుకుపోయినా లోపల వేడి ముంపే. ప్రాసెసర్ ఒక హద్దు దాటి వేడెక్కితే తనంతట తనే వేగం తగ్గించుకుంటుంది. 5600జీకి ఆ హద్దు 95 డిగ్రీలు. మే నెల మధ్యాహ్నం, రేకుల కప్పు కింద, ఏసీ లేని గదిలో గాలి ఆడని డబ్బా పెడితే వేగం కోసం పెట్టిన డబ్బంతా ఆవిరైపోతుంది.

ఇప్పుడు షాపులో చూడాల్సినవి.

ఒకటి, ముందు భాగం. అద్దమో నున్నటి ప్లాస్టిక్ పలకో ఉంటే పక్కన పెట్టెయ్యండి. చిన్న చిన్న కన్నాల ఇనప జాలీ ఉండాలి. చెయ్యి పెట్టి చూస్తే వెనక ఫ్యాను గాలి తగలాలి.

రెండు, ఫిల్టర్. జాలీ వెనక దోమతెరలాంటి పల్చటి వల ఉండి, చేత్తో తీసి కడుక్కునేలా ఉండాలి. నూర్పిళ్ల రోజుల్లో మన ఇళ్లలోకి వచ్చే దుమ్ము మీకు తెలుసు.

మూడు, కొలత. ఇంటెల్ 1995లో ఏటీఎక్స్ అనే కొలతల పద్ధతి తెచ్చింది. బోర్డు బిగించే స్క్రూ కన్నాలు ఎక్కడుండాలన్నది అప్పట్నుంచీ దాదాపు మారలేదు. అందుకే ఇవాళ కొన్న కేబినెట్ పదేళ్ల తర్వాతి బోర్డుకీ పనికొస్తుంది. మిగతా పార్టులు పాతబడతాయి, డబ్బా నిలుస్తుంది. మాది 244 మిల్లీమీటర్ల చదరపు మైక్రో ఏటీఎక్స్ బోర్డు. 305 మిల్లీమీటర్ల పొడవుండే పెద్ద బోర్డు పట్టే కేబినెట్‌లో చిన్నదీ పడుతుంది. చిన్నదాంట్లో పెద్దది పట్టదు.

నాలుగు, రేకు. పక్క మూత తీసి రెండు మూలలు పట్టుకుని కాస్త మెలితిప్పండి. అట్టలాగా వంగితే వద్దు. అంచుల మీద వేలు మెల్లగా రాసి చూడండి. మడత పెట్టని అంచు బ్లేడులా కోస్తుంది.

అయిదు, వెనక కన్నాలు. కార్డులు పెట్టుకునే చోట కొన్ని చవక డబ్బాలకి విరగ్గొట్టే రేకు ముక్కలుంటాయి. ఒకసారి విరిచాక ఆ కన్నం పూడదు. అందులోంచి బల్లులు, చీమలు, ఎలక పిల్లలు దూరతాయి. స్క్రూతో తీసి పెట్టుకునే పట్టీలుండాలి.

ఆరు, ఉచిత ఎస్‌ఎంపీఎస్. కరెంటుని పార్టులకి తగ్గట్టు మార్చి పంచేది అదే. అది పాడైతే తనతోపాటు బోర్డునీ తీసుకుపోవచ్చు. డబ్బాతో ఉచితంగా వచ్చేదాని మీద 450 వాట్లని స్టిక్కరుంటుంది. స్టిక్కరు కరెంటివ్వదు. ఖాళీ డబ్బా విడిగా, ఎస్‌ఎంపీఎస్ విడిగా కొనండి.

ఈ ఆరూ చూసుకుంటే జీబ్రానిక్స్ కొన్నా, యాంట్ ఈస్పోర్ట్స్ కొన్నా, డీప్‌కూల్ కొన్నా ఒకటే. బ్రాండుని కాదు, మోడల్‌ని చూడాలి.

ఇక లైట్ల సంగతి. పిల్ల కళ్లు మొదట్నుంచీ ఒక అద్దాల డబ్బా మీదే ఉన్నాయి. ముందు అద్దం, పక్కన అద్దం, లోపల రంగులు మార్చే ఫ్యాన్లు. "అత్తా, అది చాలా బాగుంది కదా" అంది. ఫోన్లో ఫొటో పంపితే మా అన్నయ్య నవ్వాడు, "లైట్లెందుకే, అదేమన్నా పెళ్లిపందిరా?" అని.

నేను అన్నయ్య పక్షం తీసుకోలేదు. మనకి నిరాడంబరత గురించి పాఠాలు చెప్పేవాళ్లు ఎప్పుడూ ఎక్కువే. మేడలున్నవాడు నూలు పంచె కడితే అది త్యాగం. మనవాడు ఇస్త్రీ చొక్కా వేసుకుంటే అది పొగరు. 1927 డిసెంబరులో మహద్ సభకి వచ్చిన ఆడవాళ్లతో బాబాసాహెబ్ ప్రత్యేకంగా మాట్లాడారు. మోకాళ్ల పైకి చీర కట్టే పద్ధతీ, ఒంటినిండా బరువైన నాసిరకం లోహపు నగలూ చూసి మిమ్మల్ని అంటరానివాళ్లుగా గుర్తుపడుతున్నారు, వాటిని వదిలెయ్యండని చెప్పారు. కట్టూ బొట్టూ చిన్న విషయమని ఆయన అనుకోలేదు. ఇతరులు మన మీద వేసిన గుర్తుని మనమే మోయక్కర్లేదన్నారు. కాబట్టి వెలుగు మీద, సోకు మీద ఈ పిల్లకి హక్కు లేదని నేననను.

కానీ మూడున్నర వేలలో సోకూ గాలీ రెండూ పూర్తిగా రావు. ఆ ధరలో మేం చూసిన అద్దాల డబ్బాల్లో అద్దానికే డబ్బు పోయింది, గాలికి దారి లేదు. అప్పుడు పిల్ల నేనడక్కుండానే ఒక ప్రశ్న వేసుకుంది. "తర్వాత ఏది కలుపుకోవచ్చు, ఏది కలుపుకోలేం?" లైటు పట్టీ ఎప్పుడైనా కొని అతికించుకోవచ్చు. ఫ్యాను ఇంకోటి బిగించుకోవచ్చు. ముందు పలకకి కన్నాలు మాత్రం ఇంట్లో పెట్టుకోలేం. తర్వాత కలుపుకోలేనిదే ముందు కొనాలి. డబ్బు తక్కువున్నప్పుడు ఏ వస్తువు కొనాలన్నా ఇంతకంటే మంచి సూత్రం నాకు తెలీదు. ముందు జాలీ, పక్కన మామూలు రేకు, మూడు 120 మిల్లీమీటర్ల ఫ్యాన్లున్న నల్ల డబ్బా 3,200కి తీసుకుంది. ఆ నిర్ణయం దానిది.

ఇంటికొచ్చి మంచం మీద దుప్పటి పరిచి పని మొదలుపెట్టింది. బోర్డు బిగించేముందు కేబినెట్‌కి ఇత్తడి స్టాండాఫ్‌లు బిగించాలి. బోర్డు వెనక భాగం రేకుకి తగిలితే షార్ట్ అయి మొత్తం పోతుంది. అందుకని ఆ ఇత్తడి కాళ్ల మీద నిలబెడతారు. పక్కన కూర్చుని చూస్తున్న పెద్దమ్మ ఒకామె అడిగింది, "అదెందుకే తగలకూడదు?" పిల్ల కారణం చెప్పింది. ఆమె తలూపి, "అయితే దీనికి కారణముందన్నమాట" అంది. ఆ మాట విని నవ్వినవాళ్లు నవ్వారు, నవ్వలేనివాళ్లు ఊరుకున్నారు.

తర్వాత ఒక పరీక్ష కూడా చేసింది. గది వేడి 36 డిగ్రీలున్నప్పుడు వీడియో రెండర్ పెడితే ప్రాసెసర్ 84 దగ్గర నిలబడింది. ముందు జాలీకి అట్టముక్క అడ్డం పెడితే పది నిమిషాల్లో 91కి వెళ్లింది. అద్దం అయితే ఏమయ్యేదో ఆ అట్టముక్క చెప్పింది. మీ ఇంట్లో ఉన్న డబ్బాకీ ఈ పరీక్ష చేసి చూడొచ్చు. పక్క మూత తీసేస్తే వేడి బాగా తగ్గిందంటే మీ డబ్బాకి ఊపిరాడట్లేదని అర్థం.

ఇంకో జాగ్రత్త. కేబినెట్‌ని నేలమీద పెట్టకండి. చాలా కేబినెట్లలో ఎస్‌ఎంపీఎస్ అడుగునే ఉంటుంది, నేల దుమ్మంతా అది పీలుస్తుంది. 2024 సెప్టెంబరు మొదట్లో ప్రకాశం బ్యారేజీ దగ్గర వరద 11 లక్షల క్యూసెక్కులు దాటింది. ఆ రోజుల్లో సామాన్లు అటకెక్కించుకున్నవాళ్లకి నేను చెప్పక్కర్లేదు. రెండడుగుల ఎత్తు స్టూలు మీద, గోడకి జానెడు ఎడంగా పెట్టండి.

ఇప్పుడు ఆ నల్ల డబ్బాలో 61 పాటలున్నాయి. పాడినవాళ్ల పేరూ, వయసూ, ఏ కమతంలో పని చేశారో కూడా రాసి పెడుతోంది. వాటికి ఎంత చోటు కావాలో, ఎంత గాలి కావాలో ఈసారి మేమే లెక్కేసుకున్నాం. మీ పిల్లలకి కొనేటప్పుడు ఎవరైనా "మీకిది చాలు" అంటే, డబ్బా మూత తీసి చూపించమనండి.

వచ్చే భాగంలో ఎస్‌ఎంపీఎస్, ఇంటి ఎర్తింగ్ గురించి.

జై భీమ్.