రెండో ఆట తర్వాతి తగవు

స్నేహితుల మధ్య చిల్లర తగవులు పగటివేళ అంతగా పుట్టవు. పగలు ఎవరి పని వారికి ఉంటుంది, పైగా కలిసి చూసివచ్చిన వినోదమేదీ అప్పటికి ఉండదు. కోనసీమలో వాటికి తగిన సమయం రెండో ఆట, అనగా అర్ధరాత్రి దాటాక ముగిసే సినిమా ప్రదర్శన, వదిలిన తరువాత వస్తుంది. తగిన స్థలం అమలాపురం గడియారస్తంభం సెంటరులో ఇంకా పొయ్యి ఆర్పని టీ కొట్టు కావచ్చు, రాజోలులోనో కొత్తపేటలోనో మూసిన దుకాణం అరుగు కావచ్చు. అంతర్వేది కల్యాణం చూసి నరసాపురం వైపు మళ్లేవారికైతే అది సఖినేటిపల్లి రేవు, అక్కడ మనుషులనూ బండ్లనూ ఏరు దాటించే పంటు కోసం నిలబడినంతసేపూ తగవుకు తీరిక దొరుకుతుంది.

సినిమాల్లో ‘అందాల రాముడు’ ముందు వచ్చిందా, ‘ముత్యాల ముగ్గు’ ముందు వచ్చిందా. గోదావరి పాయ వైనతేయం సముద్రంలో కలిసేది అంతర్వేది దగ్గరా, ఓడలరేవు దగ్గరా. గన్నవరం అక్విడెక్టుకు ఖానాలు ఎన్ని. కనుమనాడు జగ్గన్నతోట తీర్థానికి వెళుతూ కౌశిక కాలువను ముందు దాటిన ప్రభ గంగలకుర్రుదా, గంగలకుర్రు అగ్రహారానిదా: తగవులు ఇటువంటి ప్రశ్నల చుట్టూ తిరుగుతాయి. వీటివల్ల ఎవరి పొలం గట్టూ జరగదు, ఎవరింట పెళ్లీ ఆగదు, అయినా సంగతి తేలకుండా ఇంటిదారి పట్టడానికి ఎవరికీ మనసొప్పదు.

న్యాయశాస్త్రం, అనగా సరైన జ్ఞానం ఏయే మార్గాల్లో కలుగుతుందో విచారించే భారతీయ తర్కశాస్త్రం, చర్చను మూడు తెగలుగా విడదీసింది: నిజం తెలుసుకోవడానికి చేసేది వాదం, గెలవడానికి చేసేది జల్పం, తనకంటూ ఒక పక్షం లేకుండా ఎదుటివాడి మాటను పడగొట్టడానికే చేసేది వితండ. టీ కొట్టు దగ్గరి తగవు వాదంగా మొదలై, రెండో గ్లాసు వచ్చేసరికి జల్పమై, అప్పటిదాకా కునికిపాట్లు పడుతున్న నాలుగోవాడు కళ్లు తెరిచి ‘అసలు ఆ సినిమా గోదారి మీద తీశారని మీకెవరు చెప్పారు’ అనడంతో వితండలోకి దిగుతుంది.

ఆ శాస్త్రం చెప్పిన నాలుగు ప్రమాణాలు, అంటే జ్ఞానసాధనాలు, ఇక్కడా పనిలోకి వస్తాయి. మొదటిది ప్రత్యక్షం, కళ్లతో చూసి తెలుసుకోవడం. ఇంజనీరు ఆర్థర్ కాటన్ కాలువల పథకంలో భాగంగా పందొమ్మిదో శతాబ్దం మధ్యకాలంలో వైనతేయం మీదుగా రాజోలు వైపు భూములకు నీరు చేర్చడానికి కట్టిన గన్నవరం అక్విడెక్టు ఖానాలను తెల్లవారాక వెళ్లి లెక్కపెడితే 49 అని తేలిపోతుంది. ప్రభల విషయంలో మాత్రం ప్రత్యక్షమే తగవుకు మూలం. భక్తులు రుద్రుణ్ణి నిలిపి భుజాలమీద మోసుకుపోయే ఆ ఎత్తైన వెదురు నిర్మాణాలు నీళ్లలోకి దిగడాన్ని అందరూ కళ్లారా చూసినవారే, కాని ఒకరు చూసింది ఈ గట్టు నుంచి, మరొకరు చూసింది ఆ గట్టు నుంచి.

రెండోది అనుమానం, తెలిసిన గుర్తును బట్టి తెలియనిదాన్ని ఊహించి తేల్చడం. సంవత్సరాల తగవులకు ఇది బాగా అక్కరకు వస్తుంది. పాశర్లపూడి గ్యాసు బావి 1995 జనవరిలో అంటుకొని మార్చిలో ఆరింది, 1996 నవంబరు 6న తుపాను కొబ్బరితోటలను నేలమట్టం చేసింది. ఫలానా సినిమాహాలు మూతపడింది మంటకు ముందా, తుపానుకు తరువాతా అన్నది ఆ వయసువారెవరైనా చెప్పగలరు గనుక సంవత్సరం చాలావరకు దొరికినట్లే. మూడోదైన ఉపమానం, అంటే పోలికతో గుర్తించడం, పులస దగ్గర చిక్కులో పడుతుంది. సముద్రంలో ఉన్నప్పుడు ఇలస అనిపించుకొనే చేపే వరదనీటికి ఎదురీది గోదావరిలోకి వచ్చాక పులస అవుతుంది, కాబట్టి రెండూ ఒకటేనన్నవాడు చేప జాతిని గురించీ, వేరన్నవాడు పులుసు రుచిని గురించీ మాట్లాడుతున్నారు. ప్రశ్నను రెండుగా చీలిస్తే ఇద్దరూ గెలుస్తారు.

నాలుగోది శబ్దం, నమ్మదగినవాడి మాట. నమ్మదగినవాడెవరన్నదే అసలు చిక్కు కాబట్టి పండితుల చర్చల్లో మధ్యస్థుడు, అనగా ఇరుపక్షాలూ ఒప్పుకొన్న నిర్ణేత, ఉండేవాడు. టీ కొట్టాయనకు ఆ స్థానం దక్కేది అందరికంటే ఎక్కువ తెలిసినందుకు కాదు, ఏ పక్షానికీ చెందనందుకు. అంతసేపూ ‘కాదు బావా’, ‘నీకు తెలీదెహె’ అనుకొన్నవారు అతని వైపు తిరిగేసరికి ‘మీరు చెప్పండి’ అంటారు. నేర్పు గలవాడైతే అతడు ‘ఆయ్, అందాల రాముడు 73 అండి, ముత్యాల ముగ్గు 75’ అని తేల్చి, ఓడినవాడి ముఖం చూసి, ‘మన హాల్లో రెండోసారి ఆడినప్పుడు వెనకాముందూ అయ్యుంటాయిలెండి’ అని అతడు బయటపడేందుకు ఒక దారి కూడా చూపిస్తాడు.

ఈ మధ్యస్థుడి స్థానంలో పుస్తకాన్ని కూర్చోబెట్టిన ఘనత ఐర్లండుకు చెందిన ఒక బీరు కంపెనీది. 1951లో వెక్స్‌ఫర్డ్ ప్రాంతంలో పక్షుల వేటకు వెళ్లిన గిన్నెస్ సంస్థ అధికారి హ్యూ బీవర్‌కు, ఐరోపా వేటపక్షుల్లో అన్నిటికంటే వేగంగా ఎగిరేది గోల్డెన్ ప్లవరా, గ్రౌసా అన్న తగవు ఎదురై, దాన్ని తేల్చే పుస్తకం దొరకకపోవడంతో, మద్యశాలల్లో రాత్రిపూట ఇటువంటివి ఎన్నో పుడుతుంటాయన్న ఆలోచన కలిగింది. 1955లో వెలువడిన గిన్నెస్ రికార్డుల పుస్తకానికి మూలం అదే. ఆ పుస్తకం మద్యశాల సొత్తే గాని తగవులాడేవారిలో ఒకరిది కాదు, పుస్తకం చేతిలో ఓడితే స్నేహితుడి చేతిలో ఓడినట్లూ కాదు.

సెల్‌ఫోనును గురించి ఆలోచించవలసింది ఇక్కడే. జవాబు క్షణంలో రావడం దాని దోషం కాదు. ఆ జవాబు ప్రతివాదుల్లో ఒకడి జేబులోంచి రావడం దోషం. వైనతేయం ఎక్కడ కలుస్తుందని అడిగితే ఓడలరేవు వస్తుంది, మరో పాయ వశిష్ఠ ఎక్కడ కలుస్తుందని అడిగితే అంతర్వేది వస్తుంది, ఉత్త గోదావరి అని అడిగితే అన్నీ కలగలిసి వస్తాయి. అంటే ప్రశ్నను ఎంచుకొనే అధికారం ఫోను పట్టుకొన్నవాడిదవుతుంది. ఏ ప్రశ్న అడగాలో ముందుగా ఇద్దరూ ఒప్పుకొని, ఫోనును మూడోవాడి చేతికిస్తే యంత్రం కూడా మధ్యస్థుడి మర్యాద నిలుపుకొంటుంది.

పందెం టీ డబ్బులు దాటరాదన్న నియమం కూడా ఈ కోవలోదే, ఎందుకంటే నవ్వుతూ చెల్లించగలిగినంత ఓటమినే స్నేహం మోయగలదు. ఇటువంటి తగవుల్లో తీర్పు మంచిచెడ్డలను తేదీల పట్టికతో కాక తరువాతి శుక్రవారం కొత్త సినిమాకు వచ్చినవారి సంఖ్యతో కొలవాలి; నలుగురిలో ఒకరు తగ్గితే, చెప్పిన సంవత్సరం ఎంత సరైనదైనా, తీర్పు తప్పినట్లే.