మీకు ఇల్లు లేదా అయ్యా?



2023 జనవరిలో, కొత్త సంవత్సరం కూడికలు ముగిశాక, మేము నలుగురం రెండు బండ్ల మీద ఒక ప్రయాణం చేశాము. ఒకప్పుడు బైబిల్ ట్రైనింగ్‌లో కలిసి ఉన్నవాళ్ళం. ఇద్దరం సేవలో ఉన్నాము, ఒకతను ఆటో నడుపుతాడు, అందరిలో చిన్నవాడు సెల్ షాపులో పని చేస్తాడు. విశాఖపట్నం ఋషికొండకు వెళ్ళి సర్ఫింగ్ చేయాలని వాడి ఆశ. పలక మీద నిలబడి అలల మీద సాగిపోయే ఆ ఆటను ఫోన్‌లో చూపించి చూపించి మమ్మల్ని విసిగించాడు. నలుగురం జేబులు దులిపితే 2,600 రూపాయలు తేలాయి. సముద్రం మా లెక్కకు అందలేదు. "గోదావరి ఒడ్డున గుడారం వేసుకుందాం రా, అక్కడా నీళ్ళే కదా" అన్నాను.

బియ్యం, ఉల్లిగడ్డలు, ఎండు చేపలు, ఒక గిన్నె కట్టుకున్నాము. గుడారానికి మా మందిరం స్టోర్ రూములో ఉన్న నీలం టార్పాలిన్ తీసుకున్నాను. దాని సంగతి తరువాత చెబుతాను.

ఖమ్మం నుండి కొత్తగూడెం, పాల్వంచ మీదుగా భద్రాచలం సుమారు 120 కిలోమీటర్లు. గోదావరి వంతెన దాటి, ఎటపాక, నెల్లిపాక మీదుగా కూనవరం దారి పట్టాము. 2014 వరకు ఇవన్నీ మా ఖమ్మం జిల్లా ఊళ్ళే. పోలవరం ముంపులోకి వస్తాయని ఆంధ్రప్రదేశ్‌లో కలిపారు. కూనవరం దగ్గర శబరి వచ్చి గోదావరిలో కలుస్తుంది. గోదావరి నిండితే శబరి నీటికి పోయే దారి ఉండదు, వెనక్కి తన్ని ఊళ్ళ మీదకు వస్తుంది. 2022 జూలైలో భద్రాచలం దగ్గర నీటిమట్టం 71.3 అడుగులకు చేరింది. చివరి ప్రమాద హెచ్చరికే 53 అడుగులకు ఇస్తారు. 1986 తరువాత అంత వరద రాలేదు. ఆరు నెలలైనా దారి పక్క గోడల మీద మా తలలకంటే ఎత్తున బురద చార అలాగే ఉంది.

సాయంత్రం ఒక కోయగూడెం దగ్గర ఇసుకలో కర్రలు పాతి టార్పాలిన్ కడుతున్నాము. పుల్లల మోపుతో వెళ్తున్న ఒక పెద్దామె ఆగి చూసింది.

"మీకు ఇల్లు లేదా అయ్యా?"

మేము నవ్వాము. "ఉందమ్మా. సరదాకి పడుకుందామని వచ్చాం" అన్నాడు చిన్నవాడు.

"సరదాకా?" అంది. మోపు దించి, ఎదురుగా ఉన్న గుట్ట చూపించింది. వరదప్పుడు పిల్లలతో, మేకలతో ఆ గుట్ట ఎక్కారట. రెండు కుటుంబాలకు ఒక్క బరకం. పై నుంచి వాన, కింద బురద. నీళ్ళు తీసినాక కూడా ఇంట్లో మట్టి ఎత్తిపోసుకునేదాకా అక్కడే ఉన్నారట. ఎవరి మీదా నేరం పెట్టకుండా, నిన్నటి కూర సంగతి చెప్పినట్టు చెప్పింది. "ఇక్కడ చలి కొడతది. మా పంచలో పండుకోండి" అని మోపు ఎత్తుకుంది.

నా నోట మాట రాలేదు. ఎందుకంటే ఆ జూలైలోనే మా సంఘం వరద బాధితుల కోసం బియ్యం, బట్టలు, టార్పాలిన్లు పోగుచేసింది. అన్నీ బండిలో పంపాము, ఒక్కటి తప్ప. కొత్తది, మందంగా ఉంది. క్రిస్మస్ పందిరికి పనికొస్తుందని నేనే పక్కన పెట్టాను. అదీ దేవుని పనే కదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. ఆమె కళ్ళ ముందు నేను కడుతున్నది ఆ టార్పాలినే.

రాత్రి ఆమె పంచలో పడుకున్నాను గాని నిద్ర పట్టలేదు. లేవీయకాండము 23వ అధ్యాయం జ్ఞాపకం వచ్చింది. పర్ణశాల అనే ఊరు భద్రాచలానికి దగ్గరలోనే ఉంది గనుక, పర్ణశాలల పండుగ అంటే మా ప్రాంతంలో పిల్లలకు కూడా వెంటనే అర్థమవుతుంది. పంట ఇంటికి చేరినవారు ఏడు రోజులు కొమ్మల పాకల్లో ఉండి, తమ పితరులు ఇల్లు లేక తిరిగిన రోజులు మరువకూడదని దేవుడు ఆజ్ఞాపించాడు. దానిని ఎన్నోసార్లు సంతోషపు పండుగగా ప్రసంగించాను. అదే అధ్యాయంలో, చేను అంచులు పూర్తిగా కోయకుండా బీదలకు, పరదేశులకు విడిచిపెట్టమన్న మాటను మాత్రం త్వరగా దాటిపోయేవాణ్ణి. ఆ రాత్రి దాటలేకపోయాను. నేను బీదల అంచును కూడా కోసి నా గాదెలో వేసుకున్నాను.

తెల్లవారి టార్పాలిన్ మడిచి ఆమె ముందు పెట్టాను. "అమ్మా, ఇది మొన్న వరదలోనే ఇక్కడికి రావలసింది. నేను ఉంచేసుకున్నాను" అని ఒప్పుకున్నాను. ఆమె తిట్టలేదు, పొగడలేదు. వేళ్ళతో మందం చూసింది. "ఉంచు. మళ్ళా వానాకాలం వస్తది గదా" అని చూరులో దోపింది.

తరువాతి ఆదివారం సంఘం ముందు ఇదంతా చెప్పాను. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తరువాత ఒక పెద్దాయన లేచి, "అయ్యగారూ, స్టోర్ రూములో ఇంకా ఏమున్నాయో చూద్దామా?" అన్నాడు. తాళం తీశాము. దుప్పట్ల మూట ఒకటి ఉంది.

ప్రియులారా, మన ఇంట్లోనూ తాళం వేసిన గది ఒకటి ఉంటుంది. ఈ వారం దాన్ని తెరుద్దాం. దేవుని పేరు చెప్పి దాచుకున్నది, ఎవరికి చెందవలసిందో వారికి చేర్చే కృప ప్రభువు మనకు దయచేయును గాక. ఆమెన్.