ఖామిరా అంటే

ఎంజైమ్‌ని ఉర్దూలో ఖామిరా అంటారు. ఖమీర్ నుంచి వచ్చిన లఫ్జ్. ఖమీరీ రోటీ తిన్నవాళ్లకి ఖమీర్ అంటే ఏమిటో చెప్పక్కర్లేదు. తమాషా ఏంటంటే, ఎంజైమ్ అన్న గ్రీకు మాటకీ మూలం పులిసిన పిండే. ఉర్దూ మీడియంలో సైన్స్ చదివాను, తెలుగులో డిగ్రీ చేశాను. రెండు జబాన్లలో రెండు మాటలు తెలిసినా, మా ఆపా ఆస్పత్రి చీటీ తెచ్చి చేతిలో పెట్టి "ఇదేంటి భయ్యా?" అంటే చప్పున జవాబు రాలేదు.

ఆపా కూతురి బాబుకి పుట్టిన మూడో రోజే ఒళ్లు పచ్చబడింది. నీలం లైటు కింద పెట్టారు, రక్తం పరీక్ష చేశారు. చీటీ మీద 'జీ6పీడీ లోపం' అని ఉంది. డాక్టర్‌కి తీరిక లేదు. ఇంట్లోనేమో అఖీఖా తయారీ. బాబు అరచేతులకీ పాదాలకీ మెహందీ పెట్టాలని ఆపా అత్తగారి ముచ్చట.

ఆ రాత్రి ఆన్‌లైన్ విజ్ఞాన సర్వస్వం తెరిచాను. ఈ ఎంజైమ్ మీద తెలుగులో ఉన్న మజ్మూన్ మెషీన్ చేసిన తర్జుమాలా ఉంది. వాక్యానికి మొదలుంది, చివరుంది, మధ్యలో మనిషి లేడు. పైగా 'చిక్కుడు తినరాదు' అని ఉంది. ఇంగ్లీషులో ఫావా బీన్స్ అన్నదాన్ని చిక్కుడు చేసేశారు. అది ఉర్దూలో బాఖ్లా, అరబ్బుల ఫూల్. మన పెరటి చిక్కుడు వేరే మొక్క. ఆ ఒక్క మాటతో ఎన్ని ఇళ్లలో చిక్కుడుకాయ కూర మానేశారో! గల్ఫ్‌లో పనిచేసే మన పిల్లలు పొద్దున్నే రొట్టెతో తినే ఫూల్ మాత్రం ఎవరికీ గుర్తు రాదు.

కూర్చుని తిరగరాయడం మొదలుపెట్టాను. ఈ ఖామిరా ఒంట్లో అన్ని కణాల్లోనూ ఉంటుంది, కానీ ఎర్ర రక్తకణానికి దీని అవసరం ఎక్కువ. ఆక్సిజన్ మోసే కణానికి ఆక్సిజన్‌తోనే ఖత్రా, ఇనుముకి తుప్పులాగ. ఆ తుప్పుని ఆపే గ్లూటాథయోన్‌ని మళ్లీ మళ్లీ సిద్ధం చేయడానికి ఎన్ఏడీపీహెచ్ కావాలి. మిగతా కణాలకి దాన్ని తెచ్చుకునే దారులు వేరే ఉన్నాయి. ఎర్రకణంలో మైటోకాండ్రియా లేదు, ఈ ఎంజైమ్ నడిపే దారే దిక్కు. లోపం ఉన్నవాళ్లలో చాలామంది మామూలుగా బతికేస్తారు, ఒంటికి పడని మందో పదార్థమో తగిలినప్పుడే కణాలు పగిలిపోతాయి. మూత్రం నల్ల చాయ్ రంగుకి మారుతుంది, కళ్లు పచ్చబడతాయి. ప్రపంచంలో సుమారు 40 కోట్ల మందికి ఈ లోపం ఉందని అంచనా.

మెహందీ వాక్యం దగ్గర పేచీ వచ్చింది. ఆకులోని రంగు పదార్థమే ఈ లోపం ఉన్న పిల్లల రక్తకణాల్ని పగలగొట్టగలదు. చర్మం గుండా కూడా లోపలికి పోతుంది. యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్ డాక్టర్లు 2001లో అలాంటి పిల్లల గురించి రాశారు, ప్రాణం మీదికి వచ్చిన కేసులు. నేను రాసిన వాక్యాన్ని ఒక వలంటీరు తీసేశాడు, 'ఒక వర్గపు ఆచారంలా ఉంది' అన్నాడు. గోరింటాకు ఆషాఢంలో ఎవరిళ్లలో పెట్టుకుంటారో అడిగి, ఆ డాక్టర్ల వ్యాసాన్ని ఆధారంగా జోడించాను. అప్పట్నుంచి వాక్యం ఉంది. పక్కనే కలరా ఉండల వాక్యమూ ఉంది. సందూక్‌లో నాఫ్తలీన్ వాసన పట్టిన రజాయి తీసి పసివాడికి కప్పడం మన ఇళ్లలో మామూలే కదా.

ఇంట్లో ఖాలాల మాట వేరే. మా భాంజీని చాచా కొడుక్కే ఇచ్చారు. "ఖాందాన్‌లో చేసుకుంటే ఇంతే" అని గుసగుసలు. ఖాందాన్‌లో పెళ్లిళ్ల మీద నాకూ ఎతరాజ్ ఉంది, కానీ ఈ బాబు విషయంలో ఆ నింద చెల్లదు. ఈ జన్యువు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటుంది. మగపిల్లాడికి ఎక్స్ అమ్మ నుంచే వస్తుంది, బాప్ ఎవరైనా ఒకటే. అమ్మాయికి రెండు ఎక్స్‌లు కాబట్టి ఎక్కువసార్లు ఆమెకి ఏమీ తెలీదు. అలాగని తల్లిని అనడానికీ లేదు, ఎవరూ ఎంచుకుని ఇచ్చింది కాదు. భాంజీకి ఆపా నుంచి వచ్చి ఉంటే రియాద్‌లో ఉన్న ఆమె తమ్ముడికీ ఉండొచ్చు. ఆపాకి అమ్మీ నుంచి వచ్చి ఉంటే నేనూ లైన్లో ఉన్నవాణ్ణే. పరీక్షకి రక్తం ఇచ్చి వచ్చాను.

అఖీఖా జరిగింది, మెహందీ లేకుండా. మజ్మూన్ తెలుగు పేజీని ఫోన్‌లో చదివి వినిపిస్తే అత్తగారు విని, "మరి పెద్దయ్యాక దూల్హాకి పెట్టొచ్చా?" అన్నారు. డాక్టర్‌ని అడగాల్సిన సవాల్ అది. విజ్ఞాన సర్వస్వం నుస్ఖా రాయదు.

ఇంకా ప్రైమాక్విన్ పేరా మిగిలింది. ఈ లోపాన్ని 1956లో పట్టుకున్నది ఆ మలేరియా మందు వల్లే, అమెరికాలో ఇలినాయ్ జైలు ఖైదీల మీద చేసిన ప్రయోగాల్లో. ఖైదీ 'సరే' అన్నదాన్ని రజామందీ అనొచ్చా అన్నది వేరే బహస్. మన దగ్గర వైవాక్స్ మలేరియాకి అదే మందు 14 రోజులు ఇస్తారు, మన్యం ఊళ్లలో కూడా. ఆ పేరా మన్యంలో పనిచేసే ఆశా కార్యకర్తకి అర్థమయ్యేలా రాయాలి. రెండు రోజులుగా 'హీమోలైసిస్' దగ్గరే ఆగి ఉన్నాను. ఉర్దూలో ఒక మాట దొరికింది గానీ, అది నాకే అర్థం కాలేదు.