తరిమెన పట్టుట నేర్చుకొంటిని

ఉద్యోగము చాలించిన పిమ్మట మనుష్యునికి మిగులునవి రెండు: పింఛను, ప్రొద్దు. మొదటిదానికి లెక్క యున్నది. రెండవదాని నేమి చేయవలెనో చెప్పు ప్రభుత్వోత్తరువు లేదు. నేను 36 సంవత్సరములు గుమాస్తాగిరి చేసితిని. ఆ కాలమంతయు నా చేయి యెరిగిన పనులు కలము పట్టుట, ముద్ర వేయుట, దస్త్రములకు దారము కట్టుట. నాతోడి యుద్యోగులు కొందరు తీర్థయాత్రలకు పోయిరి, కొందరు భూముల బేరములలో దిగిరి. నేను మా నరికుడిలో నొక లేతు పట్టెడకు పోయి, ఇనుము తరుగుట నేర్పుమని యడిగితిని.

ఇది విని మా పెద్దన్నగారు, "ఒరే, చదువుకొన్నవాడవు, ఈ వయస్సున నూనె మసి నీకేలరా?" అనిరి. ఆయన మాటలో కోపము లేదు, జాలియే యున్నది. ఆయనకు నోట చెప్పలేని సమాధానమును ఇప్పుడు కాగితముమీద పెట్టుచున్నాను.

మా నరికుడి విరుదునగరు జిల్లాలో, మానామదురై నుండి విరుదునగరు పోవు రైలు మార్గములో నున్న చిన్న యూరు. వాననే నమ్ముకొన్న చేలు, ఎండకు పగిలిన చెరువులు, ఎటు చూచినను సర్కారుతుమ్మ. ఇంకను నైరుతిగా పోయి కోవిల్‌పట్టి చేరినచో నల్లరేగడి నేల, ప్రత్తి, అగ్గిపెట్టెల కర్మాగారములు. ఈ సీమలో తరతరములుగా స్థిరపడిన తెలుగు కుటుంబములు ఇంటిలో తెలుగు, వీథిలో తమిళము మాట్లాడుచు బ్రదుకుచున్నవి. బోరుబావి పంపులు, ట్రాక్టరులు, పిండిమరలు ఉన్న చోటనెల్ల అరిగిన ఇరుసును సరిచేయువా డొకడు కావలెను. మా యూర ఆ పని చేయువారు 74 ఏండ్ల యొక వృద్ధుడు. వారిని అందరును ఆచారిగారనియే పిలుతురు. వారిది తెలుగిల్లు. మాట తెలుగు, లెక్క తమిళము, వ్రాత యేదియు లేదు. చిన్ననాడే కొలిమిలో కూర్చుండుటచే బడి మెట్టు ఎక్కలేదట.

లేతు అను మాట మన కింగ్లీషు ద్వారా వచ్చినది. కాని ఆ వస్తువునకు తెలుగులో తరిమెన యను పేరు పూర్వమునుండియు కలదు. కొన్ని చోట్ల తరిణె యందురు. మన పాత మంచముల గుండ్రని కోళ్ళు తరిమెన పట్టినవే. విశాఖ సీమలోని ఏటికొప్పాకలో అంకుడు కర్రను తరిమెన పట్టి, తిరుగుచున్న కర్రకే లక్క నద్ది బొమ్మలు చేయుదురు. ఆ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు లభించినది. తమిళులు ఈ పనిని కడైసల్ అందురు. మజ్జిగ చిలుకుటకును వారికి అదే ధాతువు. ఇందు వింత లేదు. విద్యుత్తు లేని దినములలో తరిమెనను త్రిప్పినది కవ్వపు త్రాడువంటి త్రాడే. ఒకడు త్రాటిని అటునిటు లాగుచుండగా మరియొకడు ఉలి పట్టెడివాడు. మా యవ్వ ప్రతి యుదయమును స్తంభమునకు కవ్వము కట్టి చేసినదియు ఆ పనియే గదా యని తెలిసినప్పుడు, ఈ యంత్రము నాకు పరాయిదిగా తోచలేదు.

ఆచారిగారి లేతు కోయంబత్తూరులో తయారైనది, ఆరడుగుల పొడవు. దాని కూర్పు చెప్పుటకు సులభము. ఎడమవైపున తిరుగు తల, దాని మూతికి ఇనుమును పట్టుకొను చక్కు. కుడివైపున తోకవంటి దిమ్మె, దానికి మొన. రెంటికి నడుమ పట్టాలవంటి పాన్పుమీద ఇటునటు జరుగు బండి, ఆ బండిపై ఉలి. ఇనుము తిరుగును, ఉలి నిలుచును. వడ్రంగమునందు కర్ర నిలిచి ఉలి నడచును. ఇచ్చట ఆ న్యాయము తారుమారు.

మొదటి పది దినములు ఆచారిగారు నన్ను యంత్రమును తాకనీయలేదు. "రైటరయ్యా, ముందు కన్ను నేర్చుకోవాల. చెయ్యి దానంతట అదే వస్తాది" అనిరి. మొదటి పాఠము బట్టలను గూర్చి. కండువా గుమ్మమువద్దనే తీసివేయవలెను. పంచె కట్టి యంత్రము దాపునకు రాకూడదు. ఉంగరము, చేతి గడియారము, చేతితొడుగు ఏదియు పనికిరాదు. తిరుగుచున్న చక్కు ఒక్క నూలుపోగును పట్టుకొన్నను చేతిని వెంట లాగును. చక్కును బిగించిన తాళపుచెవిని దానియందే విడిచి మీట నొక్కుట మహాపరాధము. అది తుపాకిగుండువలె ఎగిరివచ్చును. ఇనుము తరుగునప్పుడు వచ్చు పొడవైన చుట్టలను చేతితో లాగకూడదు, కొక్కెముతోనే తీయవలెను. అవి చూచుటకు రిబ్బనులు, తాకినచో కత్తులు.

రెండవ పాఠము ఉలి యెత్తు. ఉలి మొన సరిగా ఇరుసు నడిమికి సమానముగా నుండవలెను. కొంచెము క్రిందికి దిగినచో కడ్డీ ముఖము చదును చేయునప్పుడు నడుమ చిన్న బొడిపె మిగులును. పైకి లేచినచో ఉలి కోయదు, రాచుకొనును. ఇత్తడికి చదునైన ఉలి చాలును, దాని పొట్టు పొడిపొడిగా రాలును. మెత్తని ఉక్కునకు ఉలి ముఖమును వాలుగా నూరవలెను. ఒకే ఉలితో అన్ని లోహములను కోయజూచుట, ఒకే మాటతో అందరిని ఒప్పింపజూచుటవంటిది.

మూడవది లెక్క. ఇచ్చట నా గుమాస్తాగిరి ఫలించినది. హైస్పీడు ఉక్కుతో చేసిన ఉలి మెత్తని ఉక్కును నిమిషమునకు దాదాపు 25 మీటర్ల వేగమున కోయగలదు. కడ్డీ వ్యాసము 25 మిల్లీమీటరులైనచో, 25 వేలను 25 చేతను, 3.14 చేతను భాగించగా దాదాపు 318 వచ్చును. నిమిషమున కన్ని చుట్లు త్రిప్పవలెను. కడ్డీ సన్నమైనకొలది చుట్లు పెరుగును, లావైనకొలది తరుగును. ఇంకొకటి: అడ్డబండిని అర మిల్లీమీటరు లోనికి త్రోసినచో కడ్డీ వ్యాసము ఒక మిల్లీమీటరు తగ్గును, ఏలయన రెండు ప్రక్కలను తరుగుదల కలుగును. ఇది జంటపద్దు లెక్కవలెనే నాకు తోచినది. ఆచారిగారు గుణకారము లెరుగరు. శబ్దము విని వేగము సరియా కాదా చెప్పుదురు. నేను కాగితముమీద 318 తేల్చునప్పటికి ఆయన పట్టీని మార్చి పని మొదలుపెట్టియుందురు.

మరకోయుట అన్నిటికంటె కఠినము. చేతి నేర్పుపై నాధారపడిన ఈ పనిని యంత్రమునకు అప్పగించినవారిలో ముఖ్యుడు హెన్రీ మాడ్‌స్లే యను ఆంగ్లేయుడు. 1800 ప్రాంతమున అతడు చేసిన లేతులో ఒక పొడవైన మరకడ్డీ బండిని నడుపును. ఆ కడ్డీకిని తిరుగు తలకును నడుమ పళ్ళచక్రములు మార్చినచో కోరిన మర తెగును. అతని కర్మశాలలో పనిచేసిన జోసెఫ్ విట్‌వర్త్ 1841లో మరల కన్నిటికిని ఒకే కొలత యుండవలెనని ప్రతిపాదించెను. అంతకు మున్ను ఒక పట్టెడలో చేసిన నట్టు మరియొక పట్టెడ బోల్టునకు పట్టెడిది కాదు. విట్‌వర్త్ మర కోణము 55 డిగ్రీలు, ఇప్పటి మెట్రిక్ మరకు 60.

మా ఆచారిగారి లేతు మరకడ్డీకి అంగుళమునకు 4 చుట్లు. అర అంగుళపు విట్‌వర్త్ బోల్టునకు అంగుళమునకు 12 చుట్లు కావలెను. 4ను 12 చేత భాగించగా మూడింట నొకటి. కనుక 20 పళ్ళ చక్రము 60 పళ్ళ చక్రమును నడుపవలెను. ఇంతవరకు సులభము. కాని మన దేశమున 1956లో తూనికలు కొలతల చట్టము వచ్చెను, 1957లో నయాపైసలు వచ్చెను, పిమ్మట అంతటను మెట్రిక్ కొలత వ్యాపించెను. నేడు పంపునకు వచ్చు బోల్టు మిల్లీమీటరులలో నుండును. అంగుళముల లేతు మిల్లీమీటరుల మరను ఎట్లు కోయును?

దానికి ఉపాయము 127 పళ్ళ చక్రము. ఒక అంగుళము 25.4 మిల్లీమీటరులు, దానిని 5 చేత గుణించిన 127. ఆ ఒక్క చక్రమును నడుమ చేర్చినచో అంగుళములలో మాత్రమే మాటలాడు యంత్రము మిల్లీమీటరులలో పొల్లుపోకుండ బదులు చెప్పును. యంత్రము తన కొలతను విడువలేదు, ఊరి కొలతను కాదనలేదు. ఆచారిగారు ఆ చక్రమును గోడకు మేకు కొట్టి వ్రేలాడదీసి, గుడ్డతో కప్పియుంచిరి. దానిని మొదట చూపినదినమున నేను చాలసేపు చేత పట్టుకొని నిలిచితిని. ఇంట నొక భాష, బయట నొక భాషతో బ్రదుకు మనబోటి కుటుంబముల కథ అంతయు ఆ చక్రమునందే యున్నదని నాకు తోచినది.

ఏ మరకు ఏ చక్రములు కావలెనో ఆ పట్టిక ఆచారిగారి తలలో తప్ప మరెక్కడను లేదు. యంత్రముతో వచ్చిన రేకు ఎప్పుడో తుప్పుపట్టిపోయినది. నేను నోటుపుస్తకము తెచ్చి, ఆయన చెప్పుచుండగా తెలుగులో వ్రాసికొంటిని. నలుబదికి పైగా వరుసలు వచ్చినవి. ప్రతిదానిని లెక్కకట్టి చూచితిని, ఒక్కటియు తప్పు లేదు. నాలుగవనాడు ఆయన ఆ పుస్తకమును తలక్రిందులుగా పట్టుకొని చూచుచు, "రైటరయ్యా, ఇందులో నా మాట ఏదో నాకు చూపించండి" అనిరి. నాకు నోట మాట రాలేదు.

ఆనాటినుండి మధ్యాహ్న భోజనమైన పిదప అరగంట, పలకమీద కాక లేతు ప్రక్కనున్న రేకుమీద సుద్దతో అక్షరములు మొదలుపెట్టితిమి. మా నాయనగారు నాకు పెద్దబాలశిక్షతో నేర్పిన వరుసను విడిచి, ఆయన కెరుకైన మాటలతోనే ప్రారంభించితిని: ఉలి, మర, ఇరుసు, కొలిమి. ఆయనకు వట్రసుడి వ్రాయుట కష్టమాయెను, 'ల' మాత్రము చక్కు తిప్పినంత గుండ్రముగా వచ్చెను. ఆరు మాసములలో ఆయన ఆ పట్టికను తానే చదువుకొనుచున్నారు. ఆ ఆరు మాసములలో నేను ఇత్తడి బుష్షును నూరింట రెండువంతుల మిల్లీమీటరు వరకు సరిగా తరుగ నేర్చితిని. మొదట ఎవరు ఎవరికి గురువో ఇద్దరమును తేల్చుకొనలేదు.

ఇడైసేవల్ గ్రామమున పుట్టిన కి. రాజనారాయణన్‌గారు మన కోవిల్‌పట్టి సీమవారే. ఇంట తెలుగు మాటలాడిన కుటుంబమువారు. మనవారి వలసకథను 1976లో గోపల్ల గ్రామమను తమిళ నవలగా వ్రాసిరి. 1991లో సాహిత్య అకాడమీ పురస్కారమందిరి. 2021లో పరమపదించిరి. కరిసల్ నేల మాటలను ఏరి తమిళమున నిఘంటువు కూడ కూర్చిరి. రైతుల నోటి మాటకు అంతటి గౌరవము చేసిన సీమలో, మన తెలుగు పనివారి మాటలకు ఒక్క నోటుపుస్తకమైన ఉండవలదా? మా పుస్తకములో చక్రముల పట్టికతో పాటు ఆచారిగారి నోట వచ్చు పనిముట్ల పేర్లును చేర్చుచున్నాను.

ఇక మా పెద్దన్నగారి ప్రశ్నకు వత్తును. నూనె మసి చదువుకొన్నవారికి తగదను తలంపు మన యిండ్లలో చాలకాలమునుండి యున్నది. బిడ్డ కుర్చీలో కూర్చుండిననే తల్లిదండ్రులకు తృప్తి. కాని ఈ దక్షిణదేశమున మన తెలుగువారికి కీర్తి తెచ్చినవారిలో జి.డి. నాయుడుగారు పేర్కొనదగినవారు. 1893లో కోయంబత్తూరు దాపున జన్మించి, బడి చదువు నమరక, 1920లో పొల్లాచి పళనుల నడుమ ఒక్క బస్సుతో వ్యాపారము ప్రారంభించిరి. 1937లో డి. బాలసుందరం నాయుడుగారితో కలిసి దేశమున తొలి విద్యుత్ మోటారును తయారుచేసిరి. 1974లో కాలధర్మము నందువరకు యంత్రమునకు చేయి దూరము కానీయలేదు. వారిని సభలలో పొగడుదుము, మన పిల్లలు పట్టెడకు పోయిన చింతింతుము.

ఆచారిగారి ఇద్దరు కుమారులు తిరుప్పూరులో నొకరు, చెన్నైలో నొకరు ఉన్నారు. తండ్రి విశ్రాంతి తీసికొనవలెనని వారి కోరిక, అది న్యాయమైనదియే. లేతును పాతయినుము క్రింద తూకమునకు అమ్మవలెనని మాటయు వచ్చినది. ఆచారిగారు ఔననలేదు, కాదనలేదు. చెన్నైలోనున్న కుమారుని కూతురు పాలిటెక్నిక్‌లో చదువుచున్నది. వేసవి సెలవులకు వచ్చినప్పుడు ఆ నోటుపుస్తకము చూచి, "తాతా, ఇది నాకు కావాలి" అనినది. ఆ పిల్లకు తెలుగక్షరములు రావు. ఆచారిగారు ఒక్కొక్క వరుస పైకి చదువుచుండగా ఆమె తమిళలిపిలో ప్రక్కన వ్రాసికొన్నది. ఆ మూడు దినములు నేను లేతు నడుపలేదు, వారి దాపున కూర్చుండి వినుచుంటిని.

యంత్రము నిలుచునో పోవునో నా చేతిలో లేదు. పోయినను ఆ పట్టిక ఇప్పుడు రెండు లిపులలో నున్నది. చదువరులలో ఎవరియింటి ప్రక్కనైన ఇట్టి పెద్దలున్నచో, అది తరిమెన కానిండు, మగ్గము కానిండు, వంట కానిండు, ఈ వారమే ఒక నోటుపుస్తకము తీసికొని వారియొద్దకు పొండు. కండువా మాత్రము గుమ్మమువద్ద తీసివేసి పొండు.