మంచు అన్న ఒక్క మాట

నర్సీపట్నం, శనివారం రాత్రి

నాన్నగారూ,

క్షేమంగా చేరాం. రేపు తెల్లవారుజామున మూడున్నరకి జీపు. చింతపల్లి వెళ్ళే దారిలో ఘాట్ రోడ్డు ఎక్కగానే లంబసింగి వస్తుంది. ఎత్తు సుమారు వెయ్యి మీటర్లు. మీకు ఇది విశాఖ జిల్లాగానే గుర్తుంటుంది, కానీ 2022 ఏప్రిల్ 4 నుంచి అల్లూరి సీతారామరాజు జిల్లా. పేరు పెట్టడం న్యాయమే. ఈ రోడ్డు వేయించేటప్పుడే గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ కొండవాళ్ళ చేత చాలీచాలని కూలికి చాకిరీ చేయించాడు. ఆ కడుపుమంటే సీతారామరాజు పితూరీకి ఒక కారణం. 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీసు స్టేషను, మర్నాడు కృష్ణదేవిపేట, ఆ మర్నాడు రాజవొమ్మంగి. మూడుచోట్లా రాజు దళం తుపాకులు పట్టుకుపోయింది.

ఈ కథ చెబుతుంటే నాతో వచ్చిన మన ఇస్తాంబుల్ పిల్ల తుపాకీ దగ్గర ఆపేసింది. వాళ్ళ టర్కిష్‌లో దాన్ని 'తుఫెక్' అంటారట. మన తోపు వాళ్ళకి 'తోప్', ఆడుకునే బంతి కూడా 'తోపే'. ఇక దారి పొడుగునా ఇదే పని. కనిపించిన ప్రతిదానికీ తెలుగు మాట అడిగి చిన్న పుస్తకంలో రాసుకుంటోంది. ఆఫీసులో పక్క కుర్చీలో కూర్చునేటప్పుడు ఆమెకి ఇంత తెలుగు పిచ్చి ఉందని నాకు తెలియనే తెలియదు. రేపు ఉత్తరం ఇంకాస్త పెద్దది రాస్తాను. అమ్మకి చెప్పండి, స్వెట్టరు వేసుకున్నాను.


లంబసింగి, ఆదివారం

నాన్నగారూ,

మీరు వెంట ఉంటే బాగుండేదని ఇవాళ చాలాసార్లు అనుకున్నాను.

జీపు దిగేసరికి చెయ్యి చాస్తే చెయ్యి కనపడలేదు. టీ కొట్టు ఎక్కడుందో పొయ్యి వెలుగుని బట్టి తెలుసుకున్నాం. "ఇదేమిటి?" అంది మా ఇస్తాంబుల్ పిల్ల. మంచు అన్నాను. రాసుకుంది. కాసేపటికి కొట్టువెనక గడ్డిలోకి వెళ్ళాం, చెప్పులు తడిసిపోయాయి. ఆకుల చివర బొట్లు వేలాడుతున్నాయి. "మరి ఇది?" అదీ మంచే. ఇంకాస్త దిగువన, గాలి తగలని పల్లంలో, ఎవరో రాత్రంతా వదిలేసిన మోటారుసైకిలు సీటు మీద తెల్లటి పొర. గోటితో గీస్తే ఉప్పులా రాలింది. చుట్టూ గడ్డిపోచల అంచులకి కూడా అదే తెలుపు, నూగులా. "ఇది?" మంచు. అప్పుడు పుస్తకం మూసి నా మొహంలోకి చూసింది.

వాళ్ళకి ఇవి మూడూ మూడు మాటలు. కళ్ళకి అడ్డం పడేది 'సిస్'. ఆకు మీది బొట్టు 'చియ్'. తెల్లగా గడ్డకట్టింది 'కిరాగి', రాతలో ఉన్న ఆ గకారం నోట్లో దాదాపు పలకదు. ఆకాశం నుంచి రాలేది 'కర్', గడ్డ 'బుజ్'. ఇంగ్లీషులోనూ అంతే కదా: ఫాగ్, డ్యూ, ఫ్రాస్ట్, స్నో, ఐస్. మనకి మాత్రం అన్నీ మంచు. పొగమంచు, మంచుగడ్డ అని ముందో వెనకో ఒక మాట తగిలించుకోవచ్చు గానీ, ఇంట్లో ఎవరంటాం? "మంచులో తిరగకే, జలుబు చేస్తుంది" అని అమ్మ అన్నప్పుడు అందులో ఏ మంచో ఎవరూ అడగరు.

సంస్కృతంలో వెతుకుదామా అంటే, మీరు నా చేత వల్లె వేయించిన అమరమే గుర్తొచ్చింది. తుషారం, నీహారం, తుహినం, హిమం, ప్రాలేయం, అన్నిటినీ పర్యాయపదాలని ఒక్కచోట కట్టేశాడు అమరసింహుడు. తమిళుల 'పని' కూడా ఇలాగే బొట్టుకీ, తెరకీ, హిమాలయం మీది మంచుకీ ఒకటే. అంటే ఇది మన ఒక్కరి లోటు కాదు. అసలు లోటే కాదని మధ్యాహ్నానికి నాకు గట్టిగా అనిపించింది. ఎందుకో చెబుతాను.

టీ కొట్టావిడని "చెరువులవేనం కొండెక్కితే ఏమైనా కనిపిస్తుందా?" అని అడిగాను. "మంచు ఇంకా ఇడవనేదమ్మా, ఎండెక్కితే లేచిపోద్ది" అంది. అప్పుడు తట్టింది. తేడా అంతా మనం క్రియలో దాచుకున్నాం. మంచు కమ్మింది, దిగింది, విడిచింది, లేచింది అంటే తెర. మంచు పడింది, తడిసింది అంటే బొట్టు. పేరుకుంది, గడ్డకట్టింది అంటే ఆ సీటు మీది తెలుపు. మంచుకి మామిడిపూత మాడిపోయింది అని మీరు ప్రతి పుష్యంలోనూ అంటారే, చలికి కూడా 'మాడిపోవడం' వాడేంత చూపు ఉంది మన రైతుకి. పేరు ఒకటే ఉంచి, అది చేసే పనిని బట్టి విడదీశాం. మా పిల్లకి ఇది చెబితే పుస్తకం మళ్ళీ తెరిచింది. వాళ్ళ చియ్ కూడా 'పడుతుంది'ట, అచ్చంగా మన మాటే.


చింతపల్లి, సోమవారం

నాన్నగారూ,

నిన్న రాయడం మరిచిన సంగతి ఒకటి. ఇక్కడి వ్యవసాయ పరిశోధన కేంద్రంలో నమోదయ్యే ఉష్ణోగ్రతే రోజూ పేపర్లో పడుతుంది. మూడు డిగ్రీలు అని పడిన రోజు కూడా గడ్డి మీద తెల్లపొర కట్టవచ్చు. కారణం ఉంది. ఉష్ణమాపకం నేలకి నాలుగడుగుల పైన, పెట్టెలో ఉంటుంది. మబ్బులేని, గాలిలేని రాత్రి నేల తన వేడినంతా ఆకాశానికి వదిలేస్తుంది. చల్లబడ్డ గాలి బరువెక్కి పల్లంలోకి జారుతుంది. పైన మూడున్నా గడ్డి దగ్గర సున్నాకి దిగిపోతుంది. గాలిలోని ఆవిరి నీరు కాకుండానే నేరుగా పలుకులు కడుతుంది. పల్లంలో సీటు తెల్లబడి, గట్టు మీద టీ కొట్టు రేకు ఉత్తినే తడిసి ఉండడం ఇందుకే.

లంబసింగికి కొర్రబొయలు అని ఇంకో పేరుంది. రాత్రి బయట పడుకున్నవాడు తెల్లారేసరికి కొర్రులా, అంటే కొయ్యలా, బిగుసుకుపోతాడని ఆ పేరట. ఇంత చలి చూసినవాళ్ళ ఊరికి 'ఆంధ్రా కాశ్మీరు' అనే బిరుదు తగిలించడం నాకు నచ్చలేదు. ఇక్కడ ఆకాశం నుంచి మంచు కురవదు. "లంబసింగిలో కురుస్తున్న మంచు" అని టీవీలో చదివితే జనం కాశ్మీరులోలాగా తెల్లటి కుప్పలు చూడాలని పిల్లల్ని వేసుకుని వస్తున్నారు. నిన్న ఒక కుటుంబం, పాపం, "ఇంతేనా?" అనుకుంటూ స్ట్రాబెర్రీలు కొనుక్కుని వెళ్ళిపోయారు. ఆ గడ్డిలోకి ఒక్కసారి వంగి చూసి ఉంటే బాగుండేది. ఒక్క క్రియ తప్పు వాడినందుకు ఇంత దూరం వచ్చినవాళ్ళు చూడాల్సింది చూడకుండా పోయారు. పేపరువాళ్ళు 'పేరుకుంది' అని రాయాలి. మీరు సంపాదకుడికి ఉత్తరం రాస్తే నేను సంతకం పెడతాను.

ఒక పని పెడుతున్నాను మీకు. ఓర్హాన్ పాముక్ నవల 'కర్' 2002లో వచ్చింది. కార్స్ అనే సరిహద్దు ఊరు, ఆగకుండా కురిసే మంచు, మూసుకుపోయిన దారులు. దాని పేరు తెలుగులో ఏమంటావని రాత్రి మా పిల్ల అడిగింది. 'హిమం' అంటే పుస్తకాల అలమారు వాసన వేస్తుంది. 'మంచు' అంటే మనవాడికి ముందు కళ్ళకి కట్టేది ధనుర్మాసం పొద్దున, ముగ్గు మీద కమ్మిన తెర. అయినా నేను 'మంచు' వైపే ఉన్నాను. మొదటి పేజీలోనే 'కురుస్తోంది' అన్న క్రియ పడితే చాలు, పాఠకుడు కార్స్‌లో ఉంటాడు. మీరు ఒప్పుకోరని తెలుసు, మీ వాదన రాసి పాడేరు పోస్టాఫీసుకి పంపండి. గురువారం దాకా అక్కడే ఉంటాం, కాఫీ తోటలు చూడాలి.

మీ అమ్మాయి