ఆటకు అక్కర్లేని తీగ

చిన్నప్పుడు రామంతాపూర్‌లో మేం ఆడిన వీడియోగేమ్ డబ్బా వానాకాలంలో కరిచేది. తడి చేత్తో నాణెం వేయబోతే తలుపు రేకు తగిలి వేళ్లు జివ్వుమనేవి. అందుకే పెద్ద పిల్లలు మాకు ముందుగా నేర్పిన పాఠం: చెప్పులు విప్పొద్దు. మేం ఆడే ఆట ‘ముస్తఫా’. జపాన్ కంపెనీ క్యాప్‌కామ్ 1993లో దానికి ‘క్యాడిలాక్స్ అండ్ డైనోసార్స్’ అని పేరు పెట్టిందని మాకు తెలియదు. అందులోని ఒక వీరుడి పేరే మాకు ఆట పేరు.

ఆ జివ్వు ఎక్కడిదో ఇన్నేళ్లకు నాచారంలో తెలిసింది.

ఉప్పల్ మెట్రో దగ్గర ఆటో ఎక్కి పారిశ్రామికవాడలోని ఒక రేకుల షెడ్డు ముందు దిగాను. పక్క షెడ్డులో లేత్ మిషన్ గీపెడుతోంది. లోపల ట్రాన్స్‌ఫార్మర్ వార్నిష్ వాసన. అరవై దాటిన మెకానిక్ అన్న ఒకప్పుడు టీవీలు బాగుచేసేవాడు. ఇప్పుడు ఆయన ముందు పాత ప్లైవుడ్ గేమ్ డబ్బా వెనక తలుపు తెరుచుకుని ఉంది. ఉప్పల్‌లోని ఒక అపార్ట్‌మెంట్ పిల్లల గదికి వెళ్లాల్సిన డబ్బా అది.

“ప్లగ్గు విప్పి చూడు తమ్మీ” అన్నాడు.

విప్పాను. మూడు పిన్నుల ప్లగ్గులోకి వచ్చినవి రెండే తీగలు. పొడుగ్గా, లావుగా ఉండే ఎర్తు పిన్నుకు ఏమీ లేదు.

“ఆట నడవనీకి ఫేజు, న్యూట్రల్ చాలు. ఎర్తు లేకపోయినా బొమ్మ వస్తది, సౌండు వస్తది. అందుకే ఎవ్వరూ అడగలే.”

కాగితం మీద గీసి చూపించాడు. పవర్ సప్లై లోపల కరెంటులోని రొదను వడకట్టే రెండు చిన్న కెపాసిటర్లు ఉంటాయి. ఒకటి ఫేజు నుంచి, ఇంకొకటి న్యూట్రల్ నుంచి రేకుకు కలుస్తాయి. ఎర్తు ఉంటే ఆ కొద్దిపాటి కరెంటు నేలలోకి పోతుంది. లేకపోతే రేకు మీద 230లో సగం, దాదాపు 115 వోల్టులు నిలుస్తాయి. కరెంటు చాలా తక్కువ కాబట్టి జివ్వుమని వదిలేస్తుంది. కానీ అదే రేకుకు ఏ రోజైనా ఫేజు తీగ ఊడి తగిలితే అది వదిలే కరెంటు కాదు. అంటే మేం చెప్పులతో తప్పించుకున్నది ఒక హెచ్చరికను. ఆ మాట విన్నాక కాసేపు నాకు నోట మాట రాలేదు.

అన్న పనిలో తొందర లేదు. ప్లగ్గు పీకి ఒక పక్కన, తన కంటికి ఆనేలా పెట్టుకున్నాడు. పవర్ సప్లైలోని పెద్ద కెపాసిటర్‌లో సుమారు 325 వోల్టుల డీసీ నిలవ ఉంటుందని, పది నిమిషాలు ఆగి మీటరు పెట్టి చూశాకే చేయి వేశాడు. పిక్చర్ ట్యూబు జోలికి నన్ను రానివ్వలేదు. దాని మీద ఇరవై వేల వోల్టుల దాకా ఉంటాయి. ప్లగ్గు పీకినా మిగిలి ఉంటాయి.

పాత తీగలన్నీ తీసేశాడు. ఫేజు దారిలో ముందు ఫ్యూజు, తర్వాత ఫేజునూ న్యూట్రల్‌నూ కలిపి తెంచే స్విచ్చి. మెలిపెట్టి టేపు చుట్టిన అతుకుల చోట నొక్కి బిగించిన లగ్గులు. వైరు లోపలికి వచ్చే చోట, లాగినా ఊడకుండా క్లాంపు. పచ్చ తీగలు పవర్ సప్లై నుంచి, మానిటర్ ఫ్రేము నుంచి, నాణేల తలుపు నుంచి వచ్చి ఒకే బోల్టు కింద చేరి, అక్కడి నుంచి ప్లగ్గులోని ఎర్తు పిన్నుకు వెళ్లాయి.

మానిటర్‌కు వెళ్లే ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఆగాడు. “ఇది పోయిందని కొందరు తీసేసి డైరెక్టు ఇస్తరు. ఈ మానిటర్ బోర్డుకు నేరుగా కరెంటిస్తే ఫ్రేమంతా ఫేజు ఎక్కుతది. బజార్ల దొరికే స్టెప్‌డౌన్ పెడ్తే గూడ అంతే. అండ్ల చుట్ట ఒక్కటే. రెండు చుట్టలు వేరువేరుగ ఉన్నదే పెట్టాలె.”

పవర్ సప్లైని ముందు వంద వాట్ల బల్బుతో సిరీస్‌లో పెట్టి చూశాడు. బల్బు ఒక్కసారి మెరిసి మసకబారింది, షార్టు లేదన్నమాట. గేమ్ బోర్డు తగిలించి, బోర్డు దగ్గరే కొలుస్తూ 5.05 వోల్టులకు తిప్పాడు. 4.75 కంటే తగ్గితే ఆట తడబడుతుంది, 5.25 దాటితే చిప్పులకు చేటు.

చివరగా ప్లగ్గు తీసి ఉంచే, మీటరు ఒక కొన ఎర్తు పిన్నుకు, ఇంకో కొన నాణేల తలుపుకు ఆనించాడు. 0.2 ఓమ్‌లు. తలుపు కింది మూలన, తాళం మీద, స్క్రూల మీద కూడా చూశాడు. అన్నిచోట్లా అంతే.

అప్పుడు, కరెంటు లీకైతే తెంచేసే 30 మిల్లీఆంపుల ఆర్‌సీసీబీ ఉన్న సాకెట్‌లో ప్లగ్గు పెట్టాడు. దాని టెస్ట్ బటన్ నొక్కితే టక్కున పడింది. మళ్లీ ఎత్తాడు. తెర వెలిగింది.

“ఆ రేకు మీద చెయ్యి పెట్టు తమ్మీ.”

అరచేయి మొత్తం ఆనించాను. చల్లగా ఉంది. ఇంకే కదలికా లేదు. రెండో చేత్తో జేబులోంచి రూపాయి తీసి వేశాను.