ఇల్లు కొలిచే పిల్లలు

అహ్మదాబాద్ వెళ్ళొచ్చానని తెలియగానే మా వీధిలో ఆడవాళ్ళందరూ అడిగింది ఒక్కటే, "లా గార్డెన్‌లో అద్దాల పని దుప్పట్లు తెచ్చావా?" అని. తెచ్చాన్లెండి, రెండు. బేరమాడే ఓపిక ఉంటే ఎవరైనా తెచ్చుకోవచ్చు. నేను మీకు చెప్పాలనుకున్నది మాత్రం వేరే. ఆ ఊళ్ళో ఇళ్ళు గీయడం, వస్తువులకి రూపం ఇవ్వడం నేర్చుకునే పిల్లలున్నారే, వాళ్ళ గురించి. మా అక్క కూతురు అక్కడే ఆర్కిటెక్చర్ నాలుగో సంవత్సరం చదువుతోంది. కాలేజీ పేరెందుకులెండి. "పిల్ల చిక్కిపోయింది, నిద్ర పోవడం లేదట, ఓసారి చూసి రావే" అని అక్క బతిమాలితే విజయవాడలో నవజీవన్ ఎక్కాను. ఆవకాయ సీసా, రెండు కేజీల జంతికలు, ఇంకా ఏవేవో మోసుకుంటూ.

దాని గది చూడాలి మీరు! మంచం మీద అట్టముక్కలు, కింద అట్టముక్కలు, టీ గ్లాసులో ఫెవికాల్. మనకి కత్తిపీట గాట్లు పడ్డట్టు దాని వేళ్ళకి కట్టర్ గాట్లు. మర్నాడు పొద్దున వంటింట్లో నేను కొన్న ఆకుపచ్చ పీచు కనబడలేదు. గిన్నెలు తోముకుందామంటే ఏదీ? చూస్తే అది ముక్కలు ముక్కలై అట్ట ఇంటి చుట్టూ చెట్లయి నిలబడి ఉంది. "బాగున్నాయి కదా పిన్నీ" అంటుంది. బాగానే ఉన్నాయి మరి, ఏమంటాం!

వీళ్ళ చదువు ఎక్కడ మొదలవుతుందో తెలిస్తే మీరు ముక్కున వేలేసుకుంటారు. చెంబు దగ్గర. మనం రోజూ తోమి బోర్లించే చెంబేనండీ. చార్లెస్ ఈమ్స్, రే ఈమ్స్ అని అమెరికాలో పేరున్న డిజైనర్ దంపతులు ఉండేవారు. మన ప్రభుత్వం పిలిస్తే వచ్చి, దేశమంతా తిరిగి 1958లో ఒక నివేదిక రాసి ఇచ్చారు. ఇక్కడ తాము చూసి మెచ్చుకున్న వస్తువులన్నిటిలోకీ చెంబే బహుశా గొప్పదని అందులో రాశారు. ఎంత నీళ్ళు పట్టాలి, ఏ సైజు చేతికి అందాలి, నెత్తిన పెట్టుకుంటే ఎలా, చంకన పెట్టుకుంటే ఎలా, వంచితే నీళ్ళు ఎలా జారాలి, తోమడానికి చెయ్యి లోపలికి పోతుందా... ఇన్ని ప్రశ్నలకి ఒక్క చెంబు జవాబు చెబుతోందని వాళ్ళ అబ్బురం. పైగా దాన్ని ఎవరో ఒక్కరు కూర్చుని తయారుచేసింది కాదు, ఎన్నో తరాల చేతుల్లో అలా తేలిందని కూడా గమనించారు. పల్లెటూరి ఆడవాళ్ళు చింతపండూ బూడిదా వేసి తోమి ఇత్తడిని రోజూ బంగారం చేస్తారన్న మాట కూడా ఆ నివేదికలో ఉంది. చూశారా, మన అమ్మమ్మల చింతపండు ఎక్కడిదాకా వెళ్ళిందో!

ఆ నివేదిక దారి చూపిస్తేనే 1961లో సబర్మతి ఒడ్డున పాల్డీలో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్ వెలిసింది. అందరూ ఎన్ఐడీ అంటారు. కుర్చీ, బట్ట, బొమ్మ, అక్షరం, ఏదైనా సరే మనిషి వాడుకునే వస్తువు ఎలా ఉండాలో అక్కడ నేర్పుతారు. పిల్లలు చేతిపనుల వాళ్ళ ఊళ్ళకి వెళ్ళి, వాళ్ళ మధ్యే ఉండి, పని మొత్తం రాసుకుని, గీసుకుని వస్తారు. అన్నట్టు, మనమంతా కళ్ళార్పకుండా చూసిన దూరదర్శన్ కన్ను గుర్తుంది కదూ? ఆదివారం పొద్దున రామాయణానికి ముందు గిర్రున తిరుగుతూ వచ్చేది. ఆ గుర్తు ఎన్ఐడీలో చదువుకుంటున్న రోజుల్లో దేవాశిష్ భట్టాచార్య గీసిందే. ఒక విద్యార్థి క్లాసులో గీసిన బొమ్మ, దేశంలో టీవీ ఉన్న ప్రతి ఇంట్లోకీ వచ్చింది.

ఇక ఆర్కిటెక్చర్ వాళ్ళ తీర్థం నవరంగ్‌పురాలోని సెప్ట్. బాలకృష్ణ దోషీ గారు 1962లో మొదలుపెట్టిన స్కూలు, పెరిగి పెరిగి యూనివర్సిటీ అయింది. దోషీ గారు 2018లో ప్రిట్జ్‌కర్ బహుమతి అందుకున్నారు. ఇళ్ళు కట్టేవాళ్ళకి నోబెల్ లాంటిదట అది. మన దేశంలో దాన్ని అందుకున్న మొదటివారు ఆయనే. 2023 జనవరిలో, 95 ఏళ్ళ వయసులో పోయారు. ఆయన గీసిన ఆ పాత భవనం ఎర్ర ఇటుక, కాంక్రీటు, అంతే. సున్నం లేదు, రంగు లేదు. మొదట చూస్తే "ఇంకా కడుతున్నారేమో" అనిపిస్తుంది. ఓ గంట కూర్చుంటే గానీ సంగతి అర్థం కాదు. కింద గాలి ధారాళంగా ఆడే ఖాళీ జాగా, వేప చెట్ల నీడ, ఎక్కడ పడితే అక్కడ కూర్చోడానికి మెట్లు. వెలుతురు ఉత్తరం వైపు నుంచి పడేట్టు పెట్టారు, ఎండ సూటిగా కాగితం మీద పడదు. తలుపులు వీలైనంత తక్కువ. ఆ మెట్ల మీద ఒక పిల్ల ఎవరిదో బొమ్మ దిద్దుతూ, ఒకడు ఖాఖ్రా నములుతూ, ఇంకొకడు గోడకానుకుని నిద్రపోతూ. మన వీధి అరుగులే అనుకోండి, కాస్త పెద్దవి. ఆ పక్కనే దోషీ గారు, చిత్రకారుడు ఎం.ఎఫ్. హుస్సేన్ కలిసి 1990ల్లో కట్టిన గుఫా ఉంది. భూమిలోంచి తాబేళ్ళు వీపులు పైకెత్తినట్టు ఉంటుంది. పైన పెంకుల ముక్కలు అతికించి ఉంటాయి, లోపల గోడల మీద హుస్సేన్ బొమ్మలు. పిల్లలతో వెళ్తే తప్పక చూపించండి.

మా పిల్ల ప్రాజెక్టు మాత్రం ఈ గట్టున కాదు, నదికి తూర్పున పాత ఊళ్ళో. 1411లో అహ్మద్ షా కట్టించిన ఊరు అది. 2017లో యునెస్కో వాళ్ళు ప్రపంచ వారసత్వ నగరం అన్నారు. లోపల సందుల్ని పోల్ అంటారు. ఒక్కో పోల్‌కి ఒక పెద్ద గుమ్మం, లోపల గోడకి గోడ ఆనించిన చెక్క చెక్కడాల ఇళ్ళు, మధ్యలో పిట్టలకి గింజలు వేసే స్తంభం. కాలుపూర్ స్వామినారాయణ మందిరం దగ్గర నుంచి పొద్దున్నే ఈ సందుల్లో నడిపించి చూపించే ఏర్పాటు 1997లో కార్పొరేషన్ వాళ్ళు మొదలుపెట్టారు. మేం మాత్రం కొలతల టేపు పట్టుకుని వెళ్ళాం.

కొలవడమంటే ఆషామాషీ కాదండోయ్. ఒకళ్ళు టేపు కొస పట్టుకోవాలి, ఒకళ్ళు అంకె చదవాలి, ఒకళ్ళు రాసుకోవాలి. గడప ఎత్తు, మెట్టు వెడల్పు, దూలం మందం, గూడు లోతు, ఏదీ వదలరు. తర్వాత కాకరకాయని నిలువునా చీల్చినట్టు ఇంటిని చీల్చి లోపలంతా కనబడేట్టు గీస్తారు. దాన్ని సెక్షన్ అంటారు. అందులో అన్నిటికంటే కిందుండేది టాంకా. ఇంటి మధ్య ఆకాశం కనబడే చౌక్ కింద, భూమిలో తవ్వి సున్నంతో గచ్చు చేసిన వాన నీళ్ళ తొట్టి. వేల లీటర్లు పడతాయి. తొలి వాన నీళ్ళు బయటికి వదిలేసి, తర్వాత పడే నీళ్ళని కప్పు మీద నుంచి గొట్టంతో దింపుతారు. వెలుతురు తగలదు కాబట్టి పాచి పట్టదు. ఇప్పుడు కుళాయిలు వచ్చాక చాలా ఇళ్ళల్లో మూత వేసేశారు.

ఇంతకీ అక్క భయపడిన సంగతి ఇక్కడే ఉంది. అలాంటి ఒక ఇంటిని ఎలా బాగుచేయొచ్చో గీసి పట్టుకెళ్ళింది మా పిల్ల. జూరీ అంటారు, పెద్దలంతా వరుసగా కూర్చుని ప్రశ్నలేస్తారు. మూడు రాత్రులు మేలుకుని చేసిన నమూనా కప్పు తీసి పక్కన పెట్టి, "ఇందులో ఎవరుంటారమ్మా?" అని అడిగారట ఒకాయన. దానికి నోట మాట రాలేదు. గదికొచ్చి, చదువు మానేస్తానని అమ్మకి ఫోన్ చేసింది.

నేను వెళ్ళిన నాలుగో రోజు ఆ ఇంటికే మళ్ళీ వెళ్ళాం. ఇంటావిడకి డెబ్భై దాటాయి. అందరూ 'బా' అంటారు. మా పిల్ల వచ్చీరాని గుజరాతీలో కాగితం పరిచి చూపించింది. బా కళ్ళజోడు పెట్టుకుని చాలాసేపు చూసి, వీధి అరుగు ఉన్నచోట వేలు పెట్టి అడిగింది, "మరి నేను బఠాణీలు ఎక్కడ కూర్చుని వలుచుకోను?" అని. స్కూటర్ ఎక్కడానికి వీలుగా అరుగు తీసేసి వాలుగా గీసింది ఇది! సాయంత్రం నాలుగింటి నుంచి దీపాలు పెట్టేదాకా బా బతుకంతా ఆ అరుగు మీదే. ఎదురింటి కోడలితో మాటలు, కూరలవాడితో బేరం, బడి నుంచి వచ్చే మనవడి కోసం చూపులు. కొడుకులు నది అవతల ఫ్లాటు కొన్నారు, రమ్మంటున్నారు. ఆవిడ కదలనంటోంది. జూరీ ఆయన అడిగిన ప్రశ్నకి జవాబు కళ్ళెదురుగా కూర్చుని బఠాణీలు వలుస్తోంది!

ఆ రాత్రి మా పిల్ల మానక్ చౌక్‌లో పావ్ భాజీ తింటూ ఒక్క మాటా మాట్లాడలేదు. ఆ చౌక్ కూడా చిత్రమే, పగలు నగల బజారు, రాత్రి తిండి బజారు. తిరిగొచ్చి కొత్త బటర్ షీటు పరిచి మొదట అరుగు గీసింది. ఆ తర్వాత వంటింటి గట్టు. దానికోసం నన్ను నిలబెట్టి కొలిచింది. ఈ లెక్క మీకూ పనికొస్తుంది, వినండి. చెప్పులు లేకుండా నిటారుగా నిలబడి మోచెయ్యి మడవండి. నేల నుంచి మోచేతి వరకూ ఎంతుందో కొలిచి, అందులో నాలుగు నుంచి ఆరు అంగుళాలు తగ్గించండి. మీ వంటగట్టు అంత ఎత్తుండాలి. మేస్త్రీ అందరికీ ఒకటే కొలతలో కట్టేసి పోతాడు. భుజాలు లాగేది మనకి. అలాగే పొయ్యి, సింకు, ఫ్రిజ్జు, ఈ మూడిటి మధ్యా ఒక చుట్టు తిరిగితే పదమూడు అడుగులకి తగ్గకుండా, ఇరవై ఆరుకి మించకుండా ఉంటే పని సుళువట.

మీ ఇంట్లో గోడల మీద బొమ్మలు గీసే పిల్లలుంటే ఈ చదువు గురించి ఆలోచించండి. ఆర్కిటెక్చర్ ఐదేళ్ళు, ఇంటర్లో లెక్కలుండాలి, నాటా లాంటి ప్రవేశ పరీక్ష రాయాలి. ఎన్ఐడీకి ఏ గ్రూపైనా ఫర్వాలేదు, దాని ప్రవేశ పరీక్ష దానిది. అంతదూరం పంపలేమంటే విజయవాడలో 2008 నుంచి స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్ ఉంది. ఎన్ఐడీ కూడా 2015లో ఆంధ్రప్రదేశ్‌కి వచ్చింది. నిద్ర మాత్రం ఎక్కడైనా ఉండదు, ముందే చెబుతున్నా. అట్టలు, రంగులు, ప్రింట్లు అంటూ ఖర్చు కూడా ఫీజుతో ఆగదు.

బా ఇంటి చౌక్ చూడగానే నాకు గుర్తొచ్చింది తెనాలి దగ్గర మా అమ్మమ్మ వాళ్ళ మండువా లోగిలి. అక్కడా మధ్యలో ఆకాశమే. వానొస్తే నాలుగు మూలలా గంగాళాలు పెట్టేవాళ్ళం. మామయ్యలు వేరుపడ్డాక 1994లో కూలగొట్టి చెరో డాబా వేసుకున్నారు. ఫోటోలున్నాయి. అన్నిట్లోనూ పెళ్ళికూతుళ్ళూ పెళ్ళికొడుకులూ బారసాలలే, ఇల్లు ఎక్కడా లేదు. టేపు పట్టుకుని కొలిచినవాళ్ళు ఒక్కరూ లేరు. ఈ మాట అంటే మా పిల్ల, "మీకు గుర్తుంది కదా పిన్నీ, చెప్పండి, నేను గీస్తా" అంది.

అప్పట్నుంచీ రోజూ రాత్రి ఫోను. అక్కకి అడుగులు, అంగుళాలు తెలీవు. నూతి దగ్గర నుంచి వంటింటి గడపకి నిండు బిందెతో ఎన్ని అంగలో చెబుతుంది. పప్పుల గూడు ఎత్తు అడిగితే, "మునివేళ్ళ మీద నిలబడితే నా చెయ్యి అందేది" అంటుంది. అప్పటికి దానికి పన్నెండేళ్ళు. పన్నెండేళ్ళ అక్క ఎంత పొడుగుండేదో ముందు అది తేల్చాలి కదా! చదువు మానేసే ఊసు ఈ గొడవలో ఎక్కడ పోయిందో ఎవరూ అడగలేదు. ఇప్పటికి మండువా, వంటిల్లు, పడమటి గది కాగితం మీదికి వచ్చాయి. నూతికీ వంటింటికీ మధ్య పదకొండు అంగలని అక్క అంటోంది, తొమ్మిదేనని నేను. అత్తయ్య ఇంకా తెనాలిలోనే ఉంది. ఆవిణ్ణి అడిగి చెబుతానని పిల్లకి చెప్పాను.